కోతులొచ్చిన పెళ్ళిచూపులు

నిన్న సాయంత్రం మా చెల్లెలి కూతురు పై అంతస్తు నుంచి చెప్పులు కూడా లేకుండా దిగివచ్చి, మా వంటింటి గడప మీద నిలబడి, "పెద్దమ్మా, మా అమ్మ పెళ్ళికి కోతులొచ్చినయట, నిజమేనా?" అని అడిగింది. పెళ్ళికి కాదు, పెళ్ళిచూపులకు అని సరిదిద్దాను. పెళ్ళిచూపులంటే ఏమిటంది. ఐదేళ్ళ పిల్లకు అది ఎలా చెప్పాలో తోచక, మీ అమ్మా నాన్నా మొదటిసారి చూసుకున్న రోజు అన్నాను. కోతులు ఎవరి తరఫున వచ్చాయని అడిగి, నేను నవ్వుతుండగానే జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నంతసేపూ ఆ సంగతులే నెమరు వేసుకుంటూ కూర్చున్నాను.

మాది బొగ్గుబాయిల ఊరు. మా నాన్న, మా చిన్నాయన, మా ఇంటికి అటూ ఇటూ ఉన్నవాళ్ళు అందరూ బాయిలోకి, అంటే గనిలోకి, దిగినవాళ్ళే. మా ఊళ్ళో గడియారం చూసే అలవాటు ఎవరికీ ఉండేది కాదు. సైరన్ మోగితే అన్నం వండాలి, సైరన్ మోగితే పిల్లల్ని బడికి తోలాలి. మా ఆయన కూడా కొన్నేళ్ళు ఆ బొగ్గులోనే పనిచేసి, తరువాత సౌదీలో ఒక బంగారు గనికి ఫోర్‌మన్‌గా వచ్చారు. బొగ్గు తవ్విన చేతులతో ఇప్పుడు బంగారం తవ్వుతున్నాడని మా అత్త వాడకట్టంతా చెప్పుకుంది. ఆయన రోజూ ఇంటికి తెచ్చింది మాత్రం బూట్ల నిండా తెల్లటి దుమ్మే. గనికి నలభై కిలోమీటర్ల దూరంలో మేముండే ఊరు. రెండు బకాలాలు, అంటే కిరాణా కొట్లు, ఒక పెట్రోలు బంకు, ఒక మందుల షాపు, ఒక చిన్న ఆసుపత్రి, ఆ తరువాత ఎటు చూసినా ఇసుకా రాళ్ళే. కొత్తలో కొత్తిమీర కట్ట దొరికిన రోజు నాకు పండగలా ఉండేది.

గని క్యాంపులో మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కుర్రాళ్ళు ఐదారుగురు ఉండేవారు. శుక్రవారం సెలవు కదా, మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. వాళ్ళలో ఒకతను డ్రిల్లింగ్ మెషిన్ నడిపేవాడు. మా ఆయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు. ఆ రెండు మాటలు తప్ప మూడో మాట వచ్చేది కాదు. తిన్నాక తన పళ్ళెం తానే కడిగేవాడు. అక్కడితో ఆగక మిగతావాళ్ళవీ కడిగేవాడు. నేను వద్దంటే కుళాయి ఇంకొంచెం పెద్దగా తిప్పి, వినపడనట్టు నటించేవాడు. వాళ్ళ నాన్నదీ మా ఊరే, మా చిన్నాయనతో ఒకే బాయిలో ఒకే షిఫ్టు అని నాకు తెలుసు కానీ, దానివల్ల ఇంత కథ నడుస్తుందని అనుకోలేదు.

మా చెల్లి అంటే ఆ చిన్నాయన కూతురే. నర్సింగ్ చదివి, మాకు చాలా దూరంగా, అభాలో ఒక ఆసుపత్రిలో పనిచేసేది. అది కొండల మీది ఊరు. మేమిక్కడ ఎండకు మాడిపోతుంటే, అది ఫోనులో స్వెట్టర్ వేసుకుని కనబడేది. హాస్టల్లో గదిలో ఉండేవాళ్ళంతా మలయాళీ పిల్లలు కావడంతో, అరబ్బీ కంటే ముందు దానికి మలయాళం వచ్చింది. వచ్చిన రెండేళ్ళలో ఇంటికి వెళ్ళలేదు. అయినా దిగులుపడిన గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. చిన్నప్పటినుంచీ అంతే, దేనికైనా ముందు నవ్వి, తరువాత ఆలోచించేది.

ఒకరోజు చిన్నాయన ఫోన్ చేశారు. చెల్లి పెళ్ళి ఖాయం చేశామన్నారు. పిల్లగాడు ఎవరయ్యా అంటే, మా ఇంట్లో పళ్ళాలు కడిగేవాడే. తండ్రులిద్దరూ బాయి అడుగున, తలదీపాల వెలుతురులో సద్ది విప్పుకుని తింటూ ఎన్నో ఏళ్ళ కిందటే అనుకున్నారట. "పిల్లకు చెప్పినవా చిన్నాయనా?" అన్నాను. "నువ్వు చెప్పు బిడ్డా. నువ్వు ఆడనే ఉన్నవు గద" అన్నారు. మాకూ అభాకూ కారులో ఏడు గంటల ప్రయాణం. చిన్నాయన దృష్టిలో మాత్రం సౌదీ అంటే మా గనుల కాలనీ లాంటిదే. ఈ క్వార్టర్‌లో నేను, ఆ క్వార్టర్‌లో చెల్లి.

చెప్పాను. మొదటిసారి అది నవ్వలేదు.

"వాళ్ళిద్దరు బాయిల కూసొని సద్ది తినుకుంట అనుకున్నదానికి నేను తలకాయ ఊపాల్నా అక్కా? నన్నొక్కసారి అడగాలనిపించలేదా బాపుకు?" అంది.

నా పెళ్ళి కూడా అలాగే అయింది. నన్నూ ఎవరూ అడగలేదు. నా అదృష్టం బాగుండి మంచి మనిషి దొరికాడు. కానీ అదృష్టం బాగుంటుందిలే అని ఇంకొకరికి చెప్పడానికి నోరు రాలేదు. "నీకు ఇష్టం లేకుంటే ఈ పెళ్ళి కాదు. చిన్నాయనకు నేను చెప్త. ఒక్కసారి మనిషిని చూడు, చూసి వద్దను" అన్నాను. ఫోను పెట్టేశాక నేనిచ్చిన మాట బరువు తెలిసింది. మా ఆయనకు చెబితే ఆయన తల గోక్కుని, "మీ చిన్నాయనతోని నువ్వే మాట్లాడు మరి, నన్ను ఇరికియ్యకు" అని స్నానానికి వెళ్ళిపోయారు.

ఈద్ సెలవుల్లో బయలుదేరాం. గని బస్సు నడిపే హైదరాబాద్ డ్రైవర్ భాయికి సొంత కారు ఉంది. పెళ్ళిచూపులంటే నేను లేకుండా ఎట్లా అని తనే తీశాడు. పెళ్ళికొడుకు వెనక సీట్లో, ఒళ్ళో స్టీలు డబ్బాతో కూర్చున్నాడు. డబ్బాలో నేను చేసిన సున్నుండలు. కింద పెట్టమంటే పెట్టడు, నాకిమ్మంటే ఇవ్వడు. ఏడు గంటలు అలాగే పట్టుకున్నాడు. "క్యా భాయ్, ఇంటర్వ్యూకి సర్టిఫికెట్లు తీస్కపోతున్నవా?" అని డ్రైవర్ భాయి అడిగితే చెవులదాకా ఎర్రబడ్డాడు. కొండ ఎక్కుతుంటే చలి మొదలైంది. పై మలుపు తిరగగానే మంచు మబ్బు కారు అద్దాల మీదికి వచ్చింది. అన్నేళ్ళ ఎడారి తరువాత ఆ తడి గాలికి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

చెల్లి, దాని మలయాళీ స్నేహితురాలు కొండ అంచున చాప పరిచి కూర్చున్నారు. అందరం కూర్చున్నాం. ఇక ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. ఇంటి దగ్గరైతే పెద్దవాళ్ళు వర్షాల గురించి మొదలుపెట్టి ఎలాగో నడిపిస్తారు. ఇక్కడ పెద్దవాళ్ళం మేమే, మాకా అలవాటు లేదు. మా ఆయన గొంతు సవరించుకుని, "డ్యూటీలు ఎట్ల ఉంటయమ్మా?" అని అడిగారు, అదేదో గనిలో హాజరు తీసుకుంటున్నట్టు. చెల్లి షిఫ్టులు చెప్పింది.

అప్పుడొచ్చాయి కోతులు. మన ఊరి కోతులు కావు, మెడ చుట్టూ జూలుతో కుక్కంత ఎత్తున్నవి. పదీ పదిహేను మబ్బులోంచి నడుచుకుంటూ వచ్చి, పిలుపు అందినట్టే మా చుట్టూ కూర్చున్నాయి. అందులో పెద్దది చెల్లి పక్కనున్న హ్యాండ్‌బ్యాగు తీసుకుని, కంగారేమీ లేకుండా కింది రాళ్ళ మీదికి దిగింది. చెల్లి ముఖం పాలిపోయింది. "అక్కా, ఇకామా అండ్లనే ఉన్నది" అంది. ఇకామా అంటే ఈ దేశంలో ఉండటానికి మనకున్న ఒకే ఒక్క కార్డు. అది పోతే ఆఫీసుల చుట్టూ ఎన్ని రోజులు తిరగాలో అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. డ్రైవర్ భాయి రాయి తీశాడు. మా ఆయన చాప మడిచి కర్రలా పట్టుకున్నారు.

"కొట్టకున్రి, ఉరుకుతది" అన్నాడు పెళ్ళికొడుకు. అతను అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి విన్నాను. డబ్బా పట్టుకుని మెల్లగా రాళ్ళ మీదికి దిగి, కోతికి నాలుగడుగుల దూరంలో చతికిలబడ్డాడు. మూత తీసి ఒక సున్నుండ రాయి మీద పెట్టాడు. కోతి చూసింది. ఇంకొకటి పెట్టాడు. "తీస్కో, నీకే. గా బ్యాగు మాకియ్యి" అంటున్నాడు, నిదానంగా, పసిపిల్లను బుజ్జగించినట్టు. కోతి అతన్ని చూసి, ఉండను చూసి, బ్యాగు కింద పెట్టి రెండు చేతులతో రెండు ఉండలు తీసుకుంది. అతను బ్యాగు అందుకుని, మిగిలిన డబ్బా అక్కడే వదిలేసి పైకి వచ్చాడు. నేను రెండు రోజులు కష్టపడి చేసిన సున్నుండలు కోతుల బంధువర్గమంతా పంచుకుని తిన్నాయి. మాకొక్కటీ దక్కలేదు. చెల్లి స్నేహితురాలు నవ్వు మొదలుపెట్టింది, తరువాత ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నామో తెలియలేదు.

నవ్వులు ఆగాక వాళ్ళిద్దరినీ కొంచెం ఎడంగా కూర్చోబెట్టాం. మరీ దూరం కాదు. నాకు వినపడేంత దూరం. వినకూడదని తెలుసు, విన్నాను.

"మీకిష్టం లేకుంటే చెప్పున్రి. నేనే వద్దన్ననని మా బాపుకు చెప్త. మాటలు వస్తె నేను పడ్త" అన్నాడతను.

చెల్లి కాసేపు బ్యాగు జిప్పు అటూ ఇటూ లాగింది. "మరి మీకిష్టమేనా? మిమ్ములనెవరన్న అడిగిన్రా?" అంది.

"లేదు. మీరే అడుగుడు మొదలు."

"మరి చెప్పున్రి."

అతను నిజంగానే ఆలోచించాడు. "పొద్దుగాల కారెక్కినప్పుడు తెల్వకుండె. ఇప్పుడైతే ఇష్టమే" అన్నాడు.

చెల్లి మాత్రం ఆ రోజు జవాబివ్వలేదు. మేం తిరిగి బయలుదేరుతుంటే నా చేయి పట్టుకుని, "మనిషి మంచోడే అక్కా. కని ఆయన చేసే పని నేను చూడాలె. మా అమ్మ ముప్పై ఏండ్లు బాపు కోసం ఎదురుచూసింది. ఎక్కడికి పోతుండో, ఏం చేస్తుండో ఒక్కసారి చూడలే" అంది. నిజమే. మా ఊళ్ళో ఆడవాళ్ళం సైరన్ విన్నామే కానీ బాయి లోపలికి పోయినవాళ్ళం కాదు.

రెండు నెలల తరువాత గనిలో కుటుంబాలను తీసుకెళ్ళి చూపించే రోజు వచ్చింది. చెల్లి మూడు రోజుల సెలవు పెట్టి మా ఇంటికి వచ్చింది. అందరికీ హెల్మెట్లు, మెరిసే పట్టీల జాకెట్లు ఇచ్చారు. గొయ్యి అంచున కంచె దగ్గర నిలబడి చూస్తే, మెట్లు మెట్లుగా దిగిపోతున్న ఆ లోతులో లారీలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. అతను ఒక మెట్టు మీద తన మెషిన్ పక్కన నిలబడి చేయి ఊపాడు. తరువాత మెషిన్ ఎక్కి, రాతిలోకి రంధ్రం వేసి చూపించాడు. ఆగి, దిగి, చుట్టూ ఒకసారి చూసుకుని, మళ్ళీ ఎక్కాడు. ప్రతిసారీ అంతే, చూసుకోకుండా అడుగు వేయలేదు. చెల్లి గంటసేపు కంచె వదల్లేదు. దాని ముఖంలో అప్పటిదాకా నేను చూడని శాంతం కనిపించింది.

అక్కడినుంచే చిన్నాయనకు వీడియో కాల్ చేసింది. "బాపూ, నువ్వు మాటిచ్చినవని కాదు. నేను చూసిన. చూసి ఒప్పుకున్న" అంది. చిన్నాయన ముఖం ఫోనుకు దగ్గరగా వచ్చింది. ఫోను తెర మీద కూతురు ముఖం, దానిమీద హెల్మెట్. "బెల్టు గదువ కింద గట్టిగ పెట్టుకున్నవా బిడ్డా?" అన్నారు. చెల్లి పట్టీ బిగించి చూపించింది. అప్పుడు ఏడ్చారు చిన్నాయన. అడగకుండా మాటిచ్చినందుకు తప్పయిందన్నారు. పక్కనే ఉన్న వియ్యంకుడు ఫోను లాక్కుని, తప్పులో సగం తనదన్నాడు.

పెళ్ళి ఊళ్ళో చేద్దామంటే ఇద్దరికీ సెలవులు కలవలేదు. అతని సెలవు ఆషాఢంలో, దానిది పుష్యంలో. రెండూ ముహూర్తాలు లేని నెలలే. ఏడాదిన్నర ఆగాలి, లేదా ఇక్కడే కానివ్వాలి. ఎంబసీలో రిజిస్టరు పెళ్ళి చేస్తారని డ్రైవర్ భాయి కనుక్కున్నాడు. కాగితాలు తెప్పించి, నోటీసు గడువు అయ్యాక ఒక పొద్దున రియాద్‌లో సంతకాలు పెట్టారు. సాక్షి సంతకం పెట్టేముందు మా ఆయన కాగితమంతా రెండుసార్లు చదివారు. మా పెళ్ళిలో అంత శ్రద్ధ చూపలేదు.

భోజనాలు రియాద్ శివార్లలోని సులైలో. మా వైపు కుర్రాళ్ళు కొందరు అక్కడ ఒక వర్క్‌షాపు పక్కన ఉండేవారు. రెండు గదులూ కడిగి, స్పేర్ పార్టుల అట్టపెట్టెలు గోడవారకు జరిపి, రంగు కాగితాలు కట్టారు. మలయాళీ పిల్లలు మల్లెపూలు ఎక్కడో సంపాదించారు. ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టాం. అందులో మా ఊరి వాడకట్టంతా కిక్కిరిసి ఉంది. పిన్ని అక్కడినుంచి చెబుతుంటే నేనిక్కడ జీలకర్రా బెల్లం నూరాను. పుస్తెలు కట్టే సమయానికి ఫోనులో బొమ్మ ఆగిపోయింది. అతను దారం పట్టుకుని అలాగే ఆగాడు. బొమ్మ కదిలి, "కట్టు బిడ్డా కట్టు" అన్న కేక వినపడ్డాకే కట్టాడు. మూడో ముడి వెయ్యగానే మా ఆయన అతని భుజం తట్టి, "నిన్నటిదాంక నా కింద పనిచేసినవ్, ఇయాల్టి నుంచి సడ్డకునివి, నా తోడల్లునివి. శుక్రారం లేటొస్తె ఇంక నేనేమనాలె?" అన్నారు. భోజనాలయ్యాక కొత్త పెళ్ళికొడుకు అలవాటుకొద్దీ పళ్ళాలు ఎత్తబోతే కుర్రాళ్ళు రెక్కలు పట్టుకుని కూర్చోబెట్టారు. చెల్లి లేచి, తన పళ్ళెం, అతని పళ్ళెం రెండూ తనే కడిగింది.

సాయంత్రం ఐదింటికి దానికి అభా విమానం. మర్నాడు పొద్దున డ్యూటీ. అతనికి గనిలో షిఫ్టు. ఎయిర్‌పోర్టులో అతను, మా ఆయన, డ్రైవర్ భాయి, నేను ఇటు ఉండిపోయాం, అది చేతి నిండా గోరింటాకుతో లైన్లో నిలబడి, మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూ నవ్వుతూనే ఉంది. మేముండే ఈ ఊరి ఆసుపత్రికి బదిలీ దొరకడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఇద్దరికీ ఎంత పొడుగ్గా గడిచాయో దగ్గరుండి చూసినదాన్ని. ఇప్పుడు చూస్తే ఆ ఎనిమిది నెలలు నాకు ఒక్క వాక్యంలో అయిపోయాయి. సులైలో ఆ మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం ఇన్నేళ్ళ తరువాత కూడా చెప్పిన కొద్దీ పెరుగుతూనే ఉన్నాయి.