మారు లేని గిన్నె

నా భార్యకు కూర్చోవాలని ఉండేది. అంతకు మించి ఆమె నన్ను ఏదీ అడిగినట్టు గుర్తు లేదు. మహబూబ్‌నగర్ బస్టాండు వెనక సందులో పద్దెనిమిదేళ్లు భోజనాల మెస్సు నడిపింది. పొద్దున నాలుగింటికి లేస్తే మధ్యాహ్నం మూడింటి దాకా పొయ్యి దగ్గర నిలబడటమే. కరోనా పోయిన మరుసటేడు మోకాళ్లు వాచాయి. గంటకు మించి నిలబడొద్దని దవాఖానలో డాక్టరు చెప్పాడు.

"గంటల ఒక్క ఎసరన్న దిగదు సారూ" అంది ఆమె. డాక్టరు గోలీలు రాశాడు.

నేను మార్కెట్ యార్డులో ఒక అడ్తి కమీషన్ దుకాణంలో తూకాలు రాసేవాణ్ణి. ముప్పై ఏళ్లు పల్లికాయ బస్తాలు చూసీ చూసీ, దేన్నయినా పక్కన ఇంకోటి పెట్టి పోల్చే గుణం పట్టుకుంది. పెళ్లిచూపులప్పుడు కూడా రెండు సంబంధాలు పోల్చానని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది. పోల్చిన మాట నిజమే.

మెస్సు తీసేసి, అదే జాగాలో వంట అక్కర్లేని హోటలు పెట్టాలని నిశ్చయించాను. చాయ్, బిర్యానీ, పిజ్జా ఫ్రాంచైజీలన్నీ బస్టాండు చుట్టూ అప్పటికే ఉన్నాయి. జపాన్ ఒక్కటే ఖాళీగా ఉంది. ఫోన్లో వెతికితే జపాన్ పద్ధతి ఫాస్ట్‌ఫుడ్ కంపెనీలు మూడు దొరికాయి. జపాన్ వాళ్లవి కావు, పద్ధతి మాత్రమే జపాన్‌ది.

మొదటి కంపెనీది నల్లగొండలో ఒక బ్రాంచి ఉందంటే ఇద్దరం బస్సెక్కి పోయాం. పెద్ద గిన్నెలో వేడి నీళ్లు, అందులో నూడుల్స్, సగానికి కోసిన గుడ్డు, రెండు పుల్లలు. పక్క టేబులు మీది కుటుంబం ఉల్లిగడ్డ, నిమ్మచెక్క అడిగింది. పనివాడు ఆశ్చర్యపోకుండా తెచ్చి పెట్టాడు. రోజూ అందరూ అడిగేదేనట. రుచి బాగానే ఉంది గాని దీనికి మా ఒక్క షట్టరు గదికి మూడింతల జాగా కావాలి.

రెండోది హైదరాబాదులో చూశాం. సముద్రపు నాచులో చల్లటి అన్నం చుట్టి, ముక్కలుగా కోసి, నల్లటి పళ్లెంలో వరసగా పేర్చి ఇచ్చారు. ఆమె ఒక ముక్క నమిలి చూసింది.

"గిది సద్దే గద. పొద్దుగాల మేం పొలానికి కట్టుకపోయిందే" అంది. "మాకు గిన్ని పైసలు గిట్ల ఎవ్వలు ఇయ్యలే."

ఆ కంపెనీకి ఏసీ గది తప్పనిసరి. దాన్ని లెక్కలోంచి కొట్టేశాను.

మూడోది గిన్నెన్నం కంపెనీ. అట్ట గిన్నెలో అన్నం, పైన తియ్యటి కోడికూర. కూర హైదరాబాదు నుంచి గడ్డకట్టి వస్తుంది, మిషన్లో పెట్టి బటన్ నొక్కితే చాలు. అన్నం కరెంటు కుక్కర్లో దానంతటదే ఉడుకుతుంది. మా షట్టరే సరిపోతుంది. అన్నిటికంటే నాకు నచ్చింది కాంటా: ప్రతి గిన్నెకూ అన్నం తూచి వేయాలి, రెండు వందల గ్రాములు. ఇంత మర్యాదగల హోటలు నేను ఎక్కడా చూడలేదు.

ఒప్పందానికి ముందు మా మెస్సులోనే మూడు రోజులు పరీక్ష. కంపెనీ ఆఫీసరు వచ్చి పక్కన కూర్చుంటాడు. మూడు రోజుల్లో మూడుసార్లు తూకం తప్పితే ఫ్రాంచైజీ లేదు. రెండుసార్లు మాఫీ.

మొదటి రోజు పూట గడవక ముందే రెండూ అయిపోయాయి. మా దిక్కు తినేవాళ్లకు అన్నం ఒక్కసారి పెట్టి ఊరుకోరు. మళ్లీ కొంత వేస్తారు, దాన్ని మారు అంటాం. మారు ఎవరూ నోరు తెరిచి అడగరు. అడగడం నామోషీ. పళ్లెం ఖాళీ చేసి, చెయ్యి అందులోనే ఉంచి, ఎటో చూస్తూ కూర్చుంటారు. వడ్డించేవాళ్లే చూసుకోవాలి. అట్ట గిన్నెల ముందు కూడా మావాళ్లు అలాగే కూర్చున్నారు. ఆమె చెయ్యి దానంతటదే రెండుసార్లు పోయింది. ఆఫీసరు రెండు గీతలు గీశాడు.

"అంకుల్, తినడం అయిపోయింది కదా, వీళ్లు లేవరేంటి?" అని నన్ను అడిగాడు. ఎండ ఎక్కువగా ఉందని చెప్పాను.

రెండో రోజు ఆమె మారిపోయింది. కంపెనీ ఇచ్చిన ఎత్తు స్టూలు మీద కూర్చుని, తూచి, బటన్ నొక్కి, గిన్నె అందించి, ఎవరి చేతుల వైపూ చూడకుండా గోడకు మొహం తిప్పేది. ఒక్క గ్రాము తప్పలేదు. సాయంత్రం ఇంటికి నడిచి వస్తుంటే కుంటలేదు.

"కూసొని గూడ అన్నం పెట్టొచ్చని ఇన్నేండ్లు తెల్వకపాయె" అంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె అంత సంబరంగా మాట్లాడటం రెండు మూడుసార్లే విన్నాను.

మూడో రోజు, ఇంకో గంటలో పరీక్ష ముగుస్తుందనగా, యార్డులో నాతో పనిచేసిన ముసలి హమాలీ వచ్చాడు. నేను రాసిన బస్తాలన్నీ మోసింది ఆయన వీపే. గిన్నెన్నం నాలుగు ముద్దల్లో అయిపోయింది. చెయ్యి గిన్నెలో పెట్టుకుని రోడ్డు దిక్కు చూస్తూ కూర్చున్నాడు. ఆమె గోడ వైపు తిరిగింది. నేను లెక్కలు చూస్తున్నట్టు తల వంచుకున్నాను. ఎత్తి చూస్తే ఆయన అలాగే ఉన్నాడు. వేళ్లకు అంటిన మెతుకులు ఎండిపోతున్నాయి.

లేచి, కుక్కర్ తెరిచి, నిండు గరిటె వేశాను. తూచలేదు.

ఆఫీసరు మూడో గీత గీసి, కాంటా సంచిలో పెట్టుకుని, మా ఇద్దరికీ దండం పెట్టి పోయాడు. స్టూలు కూడా కంపెనీదే. అదీ పోయింది.

ఆమె ఇంటి దాకా నాకంటే ముందే నడిచింది. వచ్చాక గడప మీద కాళ్లు చాపి కూర్చుంది.

"ఆయిన ఆకలి కనబడ్డది నీకు" అంది. "పద్దెనిమిదేండ్ల సంది ఊరందరికి మారు ఏసిన. అందరు తిన్నంక అడుగుది గీక్కొని తిన్న. నాకు ఒక్కనాడన్న ఎవలన్న ఏసిన్రా? నువ్వేసినవా?"

వేయలేదు. అప్పుడు పట్టిన సిగ్గు నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తెల్లారి నాలుగింటికి నేను లేచాను. ఆమె మెలకువగానే ఉంది, లేవలేదు. ఎసరు పెట్టాను, పప్పు పెట్టాను, చెయ్యి కాల్చుకున్నాను. అన్నం మెత్తగా అయింది. పచ్చిపులుసులో ఉప్పు మరిచిపోయాను. గిరాకీలు నా మొహం చూసి, ఉప్పు తామే కలుపుకుని తిని పోయారు.

పదకొండింటికి ఆమె వచ్చింది. పొయ్యి దిక్కు రాలేదు. గిరాకీలు కూర్చునే బెంచీ మీద కూర్చుంది. ఆ బెంచీని ఆమె తుడవడం చూశాను గాని, దాని మీద కూర్చోవడం అంతకు ముందు చూడలేదు. పళ్లెం పెట్టి అన్నం వడ్డించాను. ఆమె మెతుకు పట్టి చూసింది. బల్ల మీద వేలితో కొట్టింది.

"పప్పేది?" అని గట్టిగా అడిగింది.