పూతకు పోసిన నీళ్ళు

ఆ రోజుల్లో లెక్కకు అందనిది లోకంలో ఏదీ ఉండదని నా నమ్మకం. రేవులో బస్తాలు లెక్కపెట్టే పనిలో కొత్తగా చేరాను. గణితం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు (ధైర్యానికి కారణం అదే కావచ్చు). మల్కాపురంలో మా పెరట్లో అమ్మ టెంక పాతి పెంచిన మామిడిచెట్టు తొమ్మిదేళ్ళయినా పూయలేదు. "ఈ మాఘానికీ పుయ్యకపోతే కొట్టించేసి స్కూటరుకి షెడ్డు ఏయించేత్తాను," అన్నాడు నాన్న. అమ్మ మాత్రం బియ్యం కడిగిన నీళ్ళు చెట్టు మొదటికి ఇంకాస్త దగ్గరగా పోయసాగింది.

మాఘంలో ఒక ఉదయం తలుపు తీసేసరికి ఆకులకన్నా పూతే ఎక్కువగా ఉంది. చెట్టంతా తేనెటీగల రొద. అమ్మ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాన్న ఒక కాలికే చెప్పు వేసుకుని చూస్తున్నాడు. నేను కాగితం తెచ్చుకుని, సెలవు పెట్టి మరీ లెక్కపెట్టాను. గుత్తికి ఆరువందల పన్నెండు పువ్వులు, మూడువందల నలభై గుత్తులు. నూటికొకటి నిలిచినా రెండువేల ఎనభై పాయింట్ ఎనిమిది కాయలు! "లెక్కెట్టకురా, దిష్టి తగిల్తాది," అంది అమ్మ.

మా పేటలో రేవు బొగ్గుగుట్టల గాలికి నల్లదుమ్ము పడుతుంది. బట్టలు దులిపి తొడుక్కోవడం, తులసాకులు తడిగుడ్డతో తుడవడం మాకు పుట్టుకతో వచ్చిన అలవాట్లు. మూడో రోజుకి పూత మసిబారింది. రెండువేల కాయలు నల్లబడుతుంటే ఊరుకుంటానా? నిచ్చెనెక్కి, మోటారు గొట్టంతో చెట్టంతా కడిగేశాను. వంటింటి కప్పు మీది కొమ్మకు గొట్టం అందలేదు. అది మసిలో పోయినట్టేనని కాగితం మీద కొట్టేశాను. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చే నా తోటి ఉద్యోగి, వరి పండించే ఇంటివాడు, డ్యూటీకి పిలవడానికి వచ్చి గోడ అవతలే ఆగిపోయాడు.

"ఏటి బావా, పువ్వులకి తానం సేయిత్తన్నావా?"

"దుమ్ము పట్టింది బావా."

"దుమ్ముంటే ఉన్నాది, కాయి కాత్తాది. పువ్వే నేకపోతే ఏటి కాత్తాది?"

కిందకి చూశాను. నేలంతా పసుపచ్చగా ఉంది.

అమ్మ నన్ను తిట్టలేదు. రాలిన పూతను చేటలోకి ఎత్తి, మళ్ళీ చెట్టు మొదట్లోనే పోసింది. తిట్టినా బాగుండేది. రెండు వారాలు పోయాక, "చెట్టు పూసింది కదా నాన్నా," అని వాదించబోయాను. "పూత్తే ఏదిరా, సూపించు," అన్నాడు. ఆదివారం గొడ్డలితో మనిషి రానే వచ్చాడు. ముందుగా కప్పు మీది కొమ్మ కొడదామని ఎక్కినవాడు, గొడ్డలి పక్కన పెట్టి, "బాబూ, ఓపాలి ఇటొచ్చి సూడండి," అని పిలిచాడు.

నాన్నా, నేనూ కప్పెక్కాం. అది నేను కాగితం మీద కొట్టేసిన కొమ్మే. నల్లటి మసి మధ్య, మిరియపు గింజంత పచ్చటి పిందెలు. నాన్న వంగి, వేలు తగలనీయకుండా చాలాసేపు చూశాడు. "ఇంతున్నాది. దీని లోపల మళ్ళీ ఇంత సెట్టు ఉంటాదేటిరా?" అన్నాడు. తరవాత ఆ మనిషి వైపు తిరిగి, "దిగిపో బాబూ, టీ తాగి ఎల్దువుగాని," అని గొడ్డలి తనే కిందకి దించాడు. ఆ యేడు నిలిచినవి పదకొండు కాయలు. అమ్మ వాటితో చిన్న జాడీడు ఆవకాయ పెట్టింది.

స్కూటరు చివరిదాకా ఎండలోనే ఉంది. ఇన్నేళ్ళ తరవాత ఈ మాఘంలోనూ చెట్టు విరగబూసింది, మసీ పట్టింది. చెయ్యి తనంతట తానే గొట్టం వైపు వెళ్తే, జేబులో పెట్టుకుని నిలబడ్డాను. జుట్టు నెరిసింది, లెక్కలు కాస్త కుదిరాయి. ఆ పాయింట్ ఎనిమిది కాయ సంగతి మాత్రం ఇప్పటికీ తేలలేదు.