బావ పన్నెండో సాఫ్ట్‌వేర్

బావకి ఏదీ ఒక పట్టాన తేలదు. కళ్ళద్దాల షాపులో రోజంతా వచ్చినవాళ్ళ ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడిగీ అడిగీ, ఆ ప్రశ్న ఆయన నాలుకకి అతుక్కుపోయింది. ఇంట్లో కాఫీకీ అదే ప్రశ్న, కర్టెన్లకీ అదే ప్రశ్న. పెళ్ళినాడు మాత్రం ఎందుకో అడగలేదు. అడిగి ఉంటే ఈ కాపురమే ఉండేది కాదంటుంది అక్క.

ఉద్యోగం పోయి, రెండు వారాలుండి వెళ్తానని పెట్టెతో దిగి, రెండేళ్ళుగా వాళ్ళ వెనక గదిలో మంచం వేసుకున్న బామ్మర్దికి, ఇలా ఏదీ తేల్చుకోలేని మనిషిని చూస్తే మహా నవ్వు. గురివింద గింజకి తన కింది నలుపు తెలీదంటారు. ఇప్పుడు తలుచుకుంటే అతగాడికి తన మీదే నవ్వొస్తుంది.

బావకున్నది ఒకే ఒక్క కోరిక. వెనక గదిలో నేల మీద పట్టాలు పరిచి బొమ్మ రైలు తిప్పాలి. అరచేయంత ఇంజనూ, ఆరు పెట్టెలూ ఎప్పుడో కొన్నాడు. ఆదివారం ఆదివారం బయటికి తీసి, అద్దాలు తుడిచే గుడ్డతో తుడిచి, మళ్ళీ అట్టపెట్టెలో పడుకోబెడతాడు. పట్టాలు వేసేముందు కంప్యూటర్లో గీసుకోవాలి, గీయడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి. బండి అక్కడే ఆగింది. పదకొండు సాఫ్ట్‌వేర్లు మారాయి గానీ పట్టా ఒక్కటీ పడలేదు.

"దీనికేమైంది బావా?"

"మలుపు ఇరుకుగా వస్తోందిరా. రైలు పడిపోతుందని ఎర్రగా చూపిస్తోంది."

"మొన్నటిదీ అదే అందిగా?"

"అదే చూస్తున్నా. ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?"

ఒకరోజు బావ షాపుకి వెళ్ళాక బామ్మర్ది చొక్కా చేతులు మడిచాడు. ఒకప్పుడు ఇళ్ళ ప్లాన్లు గీసిన చెయ్యి మరి! టేపుతో గది కొలిచి, మొట్టమొదటి సాఫ్ట్‌వేర్లోనే గంటలో గీసి పారేశాడు. ఎక్కడా ఎరుపు లేదు. సాయంత్రం దాకా మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

బావ వచ్చి, అద్దాలు పైకి జరిపి, చాలాసేపు చూశాడు.

"ఏరా, మరి నీ మంచం ఏది?"

"మంచమా? అది గీయలేదు బావా."

"మరి నువ్వెక్కడ పడుకుంటావురా?"

అక్క పకపకా నవ్వింది. "నీ మంచం వల్లే కదరా అన్నిట్లో ఎరుపొచ్చింది! అది తీసేసి గీసుకోండని నెత్తీ నోరూ బాదుకున్నా."

"ఊరుకోవే. మంచాన్ని తప్పించుకుపోయే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి ఉండకపోదు," అన్నాడు బావ, పన్నెండోది వెతుకుతూ.

బామ్మర్దికి తలెత్తబుద్ధి కాలేదు. రెండేళ్ళుగా ఆ రైలుకి అడ్డంగా పడుకున్నది తానే. పైగా నవ్విందీ తానే. సిగ్గేసింది, అంతకు మించి ఆ మనిషి మీద ప్రేమ పొంగింది.

మర్నాడు మంచం నాలుగు కాళ్ళ కిందా చెక్క దిమ్మలు పెట్టి ఎత్తు పెంచాడు. ప్లాన్‌లో మంచం గీసి, దాని కింద నుంచి పట్టా పోనిచ్చి, పక్కనే 'సొరంగం' అని రాశాడు.

"ఇది బాగుందా బావా, ఇందాకటిది బాగుందా?"

బావ అద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ముఖం చాటంతైంది.

"ఇదే!" అన్నాడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి. అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి.

"కానీ ఈ సొరంగం గురక పెడుతుంది కదరా. అది కూడా చూపించే సాఫ్ట్‌వేర్ ఉందేమో చూద్దామా?"