రైలు గేటు కాడ సద్దిగిన్నె

మందమర్రిలో పెళ్లి ఫొటోలు తీసే అంబదాస్‌ను ఇంజన్ల పిచ్చోడనే అంటారు. అనరా మరి! పుస్తె కట్టే ముహూర్తం దగ్గర పడుతుంటే, పెళ్లికొడుకును పీటల మీద వదిలేసి, ఏదో కొత్త రంగు ఇంజను వస్తోందని పట్టాల దగ్గరికి ఉరికిన ఘనుడు. దీని మీద భార్య నవీన తిట్టని తిట్టు లేదు. ఆ ఫొటోలు కూడు పెట్టవు, గుడ్డ పెట్టవు. ఆయనకు మాత్రం అవి లేకపోతే ముద్ద దిగదు.

ఈ పిచ్చికి మూలం వాళ్ల బాపు. రామచంద్రం మగ్గాల ఇంట పుట్టి, మగ్గం వదిలేసి, రైలింజనులో బొగ్గు వేసే పనికి పోయాడు. ఊరి బయట గేటు దగ్గర పట్టాలు వంపు తిరుగుతాయి. అక్కడ బండి మనిషి నడిచినట్టే పోయేది. అంబదాస్ తల్లి కమలవ్వ సద్దిగిన్నె ఎత్తిపట్టుకుని గట్టు మీద నిలబడేది. రామచంద్రం ఇంజను మెట్టు మీది నుంచి వంగి, బండి ఆగకుండానే గిన్నె అందుకునేవాడు. అవ్వ కొంగు చాటున నిలబడి అంబదాస్ చప్పట్లు కొట్టేవాడు. ఆ సంబరం ఎన్నాళ్లు? పిల్లవాడు బడికి పోయే వయసులోనే బాపు జ్వరంతో పోయాడు. మిగిలిందల్లా గుర్తింపు కార్డు మీది ఫొటో ఒక్కటే, అదీ సగం చెరిగింది. అంబదాస్ ఎన్ని జంటలను పక్కపక్కన నిలబెట్టి ‘జర దగ్గరికి జరుగున్రి’ అన్నాడో గానీ, తన అవ్వా బాపూ కలిసి ఉన్న ఫొటో మాత్రం ఇంట్లో లేదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందంటే ఇదే.

మొన్న చలికాలంలో కమలవ్వ మంచం పట్టింది. కరీంనగర్ డాక్టర్లు చూసి, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైంది పెట్టండి అన్నారు. ఆ మాటకు అర్థం చెప్పక్కరలేదు. ఆ వారంలోనే ఇంకో కబురు తెలిసింది. పాత బొగ్గింజను ఒకటి విహార రైలును లాక్కుంటూ మందమర్రి మీదుగా పోతుందట. ఆ తర్వాత దాన్ని మ్యూజియంలో పెట్టేస్తారట. బాపు పనిచేసిన రకం ఇంజనే. అంబదాస్ ఇక నిలువలేదు. అవ్వ సద్దిగిన్నె పట్టుకుని గేటు దగ్గర నిలబడాలి, వెనక ఆ ఇంజను రావాలి. బాపు ఎలాగూ లేడు, ఇంజనులోనైనా ఆయనను చూసుకోవచ్చు. ఈ ఒక్క ఫొటో పడకపోతే మళ్లీ పడేది లేదు. అవ్వ ఉండదు, ఇంజనూ రాదు.

ఆ పొద్దున అతను స్నానం చేసి వచ్చేసరికి కెమెరా అవ్వ ఒడిలో ఉంది. కొత్త పడుగు ఎక్కిస్తే, మగ్గానికి బొట్టు పెట్టందే చెయ్యి పెట్టని ఇల్లు అది. కెమెరా నెత్తిన పసుపూ కుంకుమా చూసి అతను మురిసిపోయి, కళ్లకద్దుకున్నాడు.

ఊరంతా సెల్ఫీల కోసం స్టేషనుకు పోయింది. గేటు దగ్గర పచ్చ జెండా పట్టుకున్న గేట్‌మ్యాన్ హనుమంతు తప్ప పురుగు లేదు. నవీన అత్తను రెండు చేతులా పట్టుకుని గట్టు మీద నిలబెట్టింది. అంబదాస్ ఎదురుగా దూరంగా పోయి కూర్చున్నాడు. లెన్స్ మూత తియ్యలేదు. మందమర్రి బొగ్గు గనుల ఊరు, గాలిలో దుమ్ము ఎంతో తెలుసు కదా, బండి కనబడేదాకా మూత తియ్యకపోవడం అతనికి ఏనాటి నుంచో అలవాటు.

కూత వినబడింది. మూత తీశాడు.

అద్దం నడుమ బొట్టు! నూనెలో తడిపిన పసుపు, దాని మీద కుంకుమ. తుడిచే గుడ్డ సంచిలో ఉంది, సంచి దూరంగా గట్టు మీద అవ్వ కాళ్ల దగ్గరుంది. అంగీ అంచు లాగి తుడిచాడు. నూనె బొట్టు తుడిస్తే పోతుందా? అద్దమంతా పరుచుకుంది. ఉమ్మి తుడిచాడు, ఊది తుడిచాడు, దేవుడా దేవుడా అని ఏడుస్తూ తుడిచాడు. భూమి అదురుతోంది. పొగ కమ్ముకుంటోంది. ఇక లాభం లేదని కెమెరా కంటికి ఆనించుకుని గుడ్డిగా నొక్కుతూ పోయాడు. కంటికి ఎర్రటి మసక తప్ప ఏదీ ఆనలేదు. పెట్టెలన్నీ దాటిపోయాయి.

తీసినవన్నీ వెనక్కి తిప్పి చూసుకున్నాడు. అంతా మసకే. ఒకదానిలో నల్లటి ముద్ద ఒకటి ఉంది, అది ఇంజనో పొగో అతనికే తెలియలేదు. అవ్వ ఎక్కడా లేదు. కంకర మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంత బతుకు బతికి అవ్వకు ఒక్క ఫొటో తియ్యలేకపోయానే అని తల బాదుకున్నాడు.

అంతలో నవీన భుజం మీద చెయ్యి వేసి కమలవ్వ మెల్లగా వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. ముఖం వెలిగిపోతోంది.

“సూసినవా బిడ్డా? ఇంజను మీది పోరడు వంగి గిన్నె తీస్కున్నడు. అచ్చం మీ బాపు లెక్కనే. మొక్కిండు గూడ.”

అంబదాస్ చూడలేదు. ఆ క్షణాన తల వంచుకుని అద్దం తుడుస్తున్నాడు. కెమెరాకూ దక్కలేదు, కంటికీ దక్కలేదు.

“ఫొటోల మంచిగ పడ్డదా?”

అతను కెమెరాను ఒడిలో బోర్లించుకున్నాడు. “రాలే అవ్వా. నేనే... మూత తియ్యుడు మర్శిన.”

కమలవ్వ నవ్వింది. ఇన్నేండ్ల సంది ఇదేనా నేర్చుకున్నది అని వెక్కిరించింది. కొంగుతో కొడుకు ముఖం తుడుద్దామని వంగింది. అప్పుడు కనబడింది అంగీ అంచు. అంచంతా పసుపూ కుంకుమే.

అవ్వ ఆ అంచును వేళ్ల నడుమ పట్టి నలిపింది. నూనె తగిలింది. నవ్వు ఆగిపోయింది.

“కెమెరా కన్ను మూస్కుంటే బొట్టు పెట్టి ఏం లాభమని మూత తెరిశిన, బిడ్డా.”

అంబదాస్ ఏం కాదవ్వా, ఏం కాదని ఆమెను పొదివి పట్టుకున్నాడు. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ కమలవ్వ ఆ ఫొటో మాట ఎత్తలేదు.