ఎడ్లకున్న సెలవు

మా ఇంట్లో విశ్రాంతి దినమంటే మా అమ్మ నడుం విరిగే రోజు. మా క్రైస్తవ సంఘం శనివారాన్ని పాటిస్తుంది. కారేపల్లి అవతల అడవి అంచున ఉన్న రేకుల షెడ్డే మా మందిరం. శుక్రవారం పొద్దుగూకగానే మా నాన్న ఎడ్లను కొట్టంలో కట్టేస్తాడు. మళ్లీ శనివారం పొద్దుగూకేదాకా పుల్ల కదపడు, పత్తిలో గడ్డి మోకాలెత్తు పెరిగినా సరే. ఊళ్లోవాళ్లు "శనివారపోళ్లు" అని నవ్వితే తలకు కిరీటం పెట్టినట్టు పొంగిపోతాడు.

మరి అన్నం? అది దానంతటదే ఉడుకుతుందని ఆయన నమ్మకం. ఆరాధన అయ్యాక సంఘ పెద్దలకూ, సత్తుపల్లి నుంచి బైకు మీద వచ్చే పాస్టరు అయ్యగారికీ మా ఇంట్లోనే భోజనం. నాన్న ఎంత గర్వంగా పిలుస్తాడో! అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. రెండో పాట కాగానే అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. నేను సాయం వస్తానంటే, "నువ్వన్న కూసోని ఇను బిడ్డా" అని వెనక్కి తోసేది. ఆమె కోరిక ఒక్కటే, ఆరాధన మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూర్చుని వినాలని. ఆ మాట చెబితే నాన్న నవ్వాడు.

"వండిపెట్టుడు గూడ సేవనే" అన్నాడు.

అంత గొప్ప సేవను తాను ముట్టుకోకుండా ఆడవాళ్లకే వదిలేశాడు. మా మగవాళ్ల వినయం అట్లాంటిది.

మొన్న వానాకాలంలో ఒక శనివారం అయ్యగారు పాటలకు ముందే విశ్రాంతి దినం ఆజ్ఞ చదివారు. ఆ రోజున నువ్వు పని చెయ్యకూడదు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసి, నీ పశువు, నీ ఇంటికొచ్చిన పరాయివాడు కూడా చెయ్యకూడదని దాని సారం. అమ్మ అప్పటిదాకా ఆ భాగం వినలేదు. అది చదివే వేళకు ఎప్పుడూ కోడికూర కలుపుతూ ఉండేది. ఆ రోజు శ్రద్ధగా విన్నది, లేచి వెళ్లిపోయింది. వంటకే అనుకున్నాను.

ఆరాధన ముగించుకుని అందరం ఇంటికొచ్చేసరికి పొయ్యి చల్లగా ఉంది. అమ్మ కొట్టంలో, ఎడ్ల పక్కన గడ్డిమోపు మీద కూర్చుని ఉంది.

"ఏందే ఇది? అన్నమేది?" అని అరిచాడు నాన్న.

"ఆజ్ఞల ఎడ్ల ముచ్చటుంది, పెండ్లాం ముచ్చట లేదు. అందుకే ఎడ్లల్ల కూసున్న" అన్నది అమ్మ, నెమ్మదిగా.

అయ్యగారి మొహం చూడాలి! వాక్యాలన్నీ కంఠతా వచ్చిన మనిషి, కడుపు కాలేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన అంత పొట్టి ప్రార్థన చేసి బైకెక్కడం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ వారమే పెద్దలు కూర్చుని ఘనంగా ఆలోచించారు. ఇకనుంచి శనివారం పొయ్యి వెలిగించకూడదట, అంతా శుక్రవారమే వండాలట. పాడుకాకుండా పులిహోర, గారెలు, వేపుళ్లు. అయ్యగారికి కారం తక్కువ. "నేనొక చెయ్యి వేస్తా" అన్న మగాడు ఒక్కడు లేడు. అమ్మ శుక్రవారం కోడి కూయకముందే లేచి, చేను పనీ ఈ వంటా పొద్దుగూకేలోపు ముగించాలి. ఆమెకు మేలు చేశామని పెద్దలు మీసాలు దువ్వుకున్నారు.

మరుసటి శనివారం అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, అందరికంటే ముందొచ్చి గోడ పక్కన చాప మీద కూర్చుంది. మొదటి పాట సగం కాకముందే గోడకు తల ఆనించి నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చిన్నగా గురకపెడుతూ.

అయ్యగారు ఆ రోజు విశ్రాంతి గురించే ప్రసంగిస్తున్నారు. మధ్యలో ఆపి అమ్మ వైపు చూశారు. "దేవుని సన్నిధిల నిద్రపోవుడు భక్తి కాదు" అన్నారు. మగవాళ్ల వరసలోంచి నాన్న నాకు సైగ చేశాడు, లేపమని.

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడ్డాను.

"లేపను అయ్యగారూ. ఇంతమందిల ఆజ్ఞ పాటిస్తున్నది ఆమె ఒక్కతే."

నాన్న తల దించుకుని బైబిలు పుటలు తిప్పాడు. అయ్యగారు కాస్త గొంతు తగ్గించి మళ్లీ మొదలుపెట్టారు. అమ్మ ఎప్పటినుంచో కోరుకున్న ఆరాధన ఆమె కళ్లెదుటే చివరిదాకా జరిగింది. ఆమె ఒక్క ముక్కా వినలేదు.