కదిలిన చుక్కలు

నేను హైదరాబాదులో కొత్త మందులు వెతికే ప్రయోగశాలలో పని చేస్తాను. టీబీ క్రిమిలోని ఒక ప్రోటీన్‌ను గొట్టంలో పోసి పెద్ద అయస్కాంతంలోకి దించితే, కంప్యూటరు మీద చుక్కలు కనబడతాయి, ముగ్గుకు ముందు పెట్టినట్టు. ఏదైనా అణువును కలిపినప్పుడు కొన్ని చుక్కలు పక్కకు జరిగితే, అది ప్రోటీన్‌ను పట్టుకుందని మా ఆశ. మందు తయారీకి అదే మొదలు.

మొదటిసారి చుక్కలు జరిగిన రోజు ఆగలేక జగిత్యాలలో ఉన్న బాపుకు ఫోన్ చేశాను. బాపు తాటిచెట్లు ఎక్కి కల్లు గీసినవాడు. మోకాళ్లు మొరాయించాక చెట్లెక్కడం మానేశాడు గానీ, కల్లు అమ్మే మండువలో నలుగురితో కూర్చోవడం మానలేదు. సాయంత్రానికల్లా తన బిడ్డ టీబీకి మందు కనిపెట్టిందని అక్కడ అందరికీ చెప్పేశాడు. మల్యాల నుంచి మేనత్త ఫోన్ చేసి, కోరుట్లలో ఏ దుకాణంలో దొరుకుతుందని అడిగింది!

వారం తిరక్కుండానే నాకు అనుమానం వచ్చింది. అణువు నిజంగా పట్టుకుంటే, పట్టుకున్న చోటి చుక్కలే జరగాలి. ఇక్కడ సగానికి పైగా జరిగాయి. గొట్టంలోని నీళ్లను పరీక్షిస్తే పుల్లగా మారి ఉన్నాయి. ఆ అణువు ప్రోటీన్‌ను ముట్టనైనా లేదు, నీళ్లను పుల్లగా చేసి చుక్కలను కదిపిందంతే. పొద్దెక్కేకొద్దీ కల్లు పులియడం చూస్తూ పెరిగినదాన్ని, నాకే తట్టలేదు. అణువు పోతే పోయింది, మండువలో బాపు తల ఎక్కడ పెట్టుకుంటాడని నా బెంగ.

ఆదివారం బస్సెక్కి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. బాపు కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"కల్లు గీసెటోని బిడ్డవై పులుపు చూడకపోతివా?" అని పడి పడి నవ్వాడు. "పో, మండువల నేనే చెప్త."

చెప్పాడు కూడా. వాళ్లూ నవ్వారట.

అప్పటినుంచి పులుపు సరిచూడందే ఏ గొట్టాన్నీ అయస్కాంతంలోకి దించను. మొన్న ఇంకో అణువును కలిపితే ఒక్క మూలనున్న కొన్ని చుక్కలే జరిగాయి, మిగతావి కదల్లేదు. మళ్లీ చేసినా అంతే. సంతోషం పట్టలేక బాపుకు ఫోన్ చేశాను.

"పులుపు చూసినవా?" అన్నాడు ముందుగా.

"చూసిన బాపూ. అయినా మందు కావాల్నంటే ఏండ్లు పడ్తది. ఎవ్వలకు చెప్పకు."

"నేనెందుకు చెప్త బిడ్డా!"

ఫోన్ కట్ చేయడం బాపుకు ఎప్పుడూ గుర్తుండదు. మండువ గోల మధ్య ఆయన గొంతు వినిపించింది.

"ఇనుండ్రి, మా బిడ్డ గీసారి పులుపు చూసింది!"