తుమ్ముల ఏసీ

మా ఆయన గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన ఆ వేసవిలో నేను భయపడింది గుండెకి కాదు, తుమ్ముకి. ఆస్పత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరుగారు ఒక చిన్న గట్టి దిండు ఆయన చేతిలో పెట్టి, "దగ్గొచ్చినా, తుమ్మొచ్చినా దీన్ని ఛాతీకి గట్టిగా అదుముకోండి. రొమ్ము ఎముక కోసి తీగలతో బిగించాం. అది అతుక్కునేదాకా జాగ్రత్త" అన్నారు. ఆయన విన్నారో లేదో గానీ నాకు మాత్రం ఆ మాట చెవిలో ఉండిపోయింది. గదిలో ఉక్కపోత లేకుండా చూసుకొమ్మని కూడా చెప్పారు. మే నెలలో, బెజవాడలో! ఏసీ వెయ్యకుండా చల్లగా ఉండటానికి మా గుణదల ఏమన్నా ఊటీయా?

మా ఇంటి మొత్తానికి ఉన్నది ఒక్క ఏసీ, మా పడగ్గదిలో. వచ్చిన రోజు మధ్యాహ్నం ఆయన్ని పడుకోబెట్టి ఏసీ వేశాను. గాలి తగిలిందో లేదో, తుమ్మారు. దిండు అందుకునేలోపే తుమ్మేశారు. నొప్పికి మంచంమీద ముడుచుకుపోయారు. సరిగ్గా అప్పుడే హాల్లోంచి మా అత్తగారు "చిరంజీవ!" అన్నారు.

ఊయల్లో పిల్లలు తుమ్మితే పెద్దవాళ్ళు అనే మాట అది. మా అత్తగారికి మాత్రం కొడుకు ఇంకా ఊయల దిగలేదు. ఆయన రిటైర్మెంటుకి దగ్గరపడ్డా, ఎప్పుడు తుమ్మినా ఆ మాట పడాల్సిందే. మామూలప్పుడైతే నవ్వుకునేదాన్ని. ఆ రోజు ఒళ్ళు మండింది.

ఇక అక్కణ్ణుంచి అదే వరస. ఏసీ వేస్తే తుమ్ములు, ఆపితే చెమటలు. పక్కన కూర్చుంటే నాకూ ముక్కు చుర్రుమనేది. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. ఎదురింటావిడ గ్యాస్ కారుతోందంది. ఆయన ఆఫీసు స్నేహితుడు ఫంగస్ అన్నాడు. మా చెల్లెలు ఫోన్లోనే దిష్టి అని తేల్చేసి, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వెయ్యమంది. బాగానే ఉంది సంబడం! ఉన్న తుమ్ములు చాలవా?

ప్రతిదానికీ ఒక అభిప్రాయం ఉండే మా అత్తగారు ఈ విషయంలో మాత్రం పెద్దగా నోరు విప్పలేదు. "దాన్ని ఆపేయ్ అమ్మాయ్. ఆ గాలి వాడికి పడదు" అని ఒక్క మాటనేసి, విసనకర్ర పట్టుకుని కొడుకు పక్కన కూర్చునేవారు. చెయ్యి నొప్పెట్టినా లేచేవారు కారు. పొద్దునా సాయంత్రమూ ఆ గదిలో సాంబ్రాణి వేసేవారు. ముసలితనం, భక్తి, చాదస్తం, అన్నీ కలిశాయిలే అనుకున్నాను.

మెకానిక్ దొరకడం గగనమైపోయింది. బెంజ్ సర్కిల్ దగ్గర కొట్టు ఉన్న ఒకతను మాకు ఎప్పట్నుంచో తెలుసు. వన్ టౌన్ మనిషి, సాయిబుగారు. ఎండలు ముదిరాయంటే ఊళ్ళో ఏసీలన్నీ ఒక్కసారే మొరాయిస్తాయి, ఈయన ఫోను ఒకటే మోగుతుంటుంది. "ఇన్షా అల్లా, రేపు పొద్దున్నే మేడమ్" అనేవాడు. ఆ రేపు రావడానికి చాలా రేపులు పట్టింది. చివరికి ఒకరోజు, "మా ఆయన గుండె కుట్లు ఊడాక వస్తావా నాయనా?" అని అరిచాను. మధ్యాహ్నానికల్లా నిచ్చెనతో గుమ్మంలో ఉన్నాడు.

ఆయన్ని హాల్లో పడక కుర్చీలో కూర్చోబెట్టాం. మెకానిక్ ఏసీ ముందు మూత ఎత్తి, జల్లెడలాంటి ఫిల్టరు బయటికి లాగాడు. ఎర్రగా ఉంది.

"పక్కన ఇల్లేమన్నా కడుతున్నారా మేడమ్? ఎర్రమట్టి పట్టేసింది."

"ఎవరూ కట్టట్లేదే!"

వేలితో ఆ పొడి తీసి చూశాడు. అదే చేత్తో కనురెప్ప మీది చెమట తుడుచుకున్నాడు. మరుక్షణం "యా అల్లా!" అంటూ నిచ్చెన మీంచి దూకినంత పని చేసి వాష్ బేసిన్ దగ్గరికి పరిగెత్తాడు. కాసేపటికి ఒక కన్ను మూసుకుని తిరిగొచ్చి, "మట్టి కాదు మేడమ్, కారం" అన్నాడు.

నేను నోరెళ్ళబెట్టాను. అతను ఏసీ కింద పెద్ద ప్లాస్టిక్ కవరు కట్టి, దాని మూతి బకెట్లోకి వదిలి, లోపల రేకులమీద పంపుతో నీళ్ళు కొట్టాడు. బకెట్లోకి ఎర్రటి నీళ్ళు దిగాయి. వాటితోపాటు ఘాటు లేచింది. అతను తుమ్మాడు, నేను తుమ్మాను.

"ఆవపిండి కూడా ఉంది మేడమ్! తడి తగిలినకొద్దీ ఘాటెక్కింది. మామిడికాయ ముక్కలొక్కటే తక్కువ" అన్నాడు.

హాల్లో మా ఆయన దిండు ఛాతీకి అదుముకుని, "నవ్వించకండి బాబూ, చస్తాను" అంటూ నవ్వుతున్నారు. ఆస్పత్రిలో చేరాక ఆయన నవ్వడం అదే మొదలు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. గుమ్మంలో నిలబడ్డ మా అత్తగారు గోడవైపు చూస్తున్నారు.

"అత్తయ్యగారూ, ఈ గదిలో ఏం చేశారు?"

"ఆవకాయ కలిపాను."

"ఎప్పుడు?"

"వాణ్ణి ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్ళిన రోజున."

ఆయనకి గుండెనొప్పి రాకముందే కారం, ఆవపిండి కొని అలమరలో పెట్టాను. ఆస్పత్రి గొడవలో వాటి సంగతే మర్చిపోయాను. ఈవిడ వాచ్‌మన్ భార్యతో కాయలు తెప్పించి ముక్కలు కొట్టించుకున్నారట. గదిలో కూర్చుని కారం, ఆవపిండి జల్లించి, ముక్కలకి పట్టించారట. ఆ లేచిన పొడంతా ఏసీ పీల్చుకుంది.

నాకు కోపం ఆగలేదు. "కొడుకు ఆపరేషన్ బల్లమీద ఉంటే మీరు పచ్చడి కలుపుకుంటూ కూర్చున్నారా?" అన్నాను, పరాయి మనిషి ముందే. అతను వినిపించనట్టు మొహం ఏసీలో పెట్టుకున్నాడు.

"ఇదిగో, ఈ మాట పడతాననే తలుపులూ కిటికీలూ బిగించుకుని కలిపాను. ఘాటు బయటికెళ్తే ఎదురింటావిడా ఇదే అనదూ?" అన్నారావిడ.

"మరి ఏసీ ఎందుకు వేశారు?"

"కిటికీలు మూస్తే ఉడికిపోతూంటేనూ! నేను మనిషిని కానూ?"

ఆవిడే మళ్ళీ అందుకున్నారు. ఈసారి గొంతు తగ్గింది.

"ఆస్పత్రికి పోతూ మీ చెల్లెలితో ఫోన్లో అన్నావు, ఈ ఏడు ఆవకాయ పెట్టట్లేదని. నాకు ఆ మాట మింగుడుపడలా. ఈ ఇంట్లో ఆవకాయ తినేది వాడేగా. ఏడాది పచ్చడమ్మా అది. పెట్టకుండా ఊరుకుంటే, ఏడాదికి వాడుండడని మనమే అనుకున్నట్టు కాదూ? ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని ఏం చెయ్యను? అందుకే కలిపాను. ఎప్పుడూ పెట్టేంతా పెట్టాను. వాడి వాటా రవ్వంత కూడా తగ్గించలా."

నేను మంచంమీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. ఆస్పత్రి వరండాలో ఉన్నన్ని రోజులూ రాని ఏడుపు, ఆ కారం ఘాటులో వచ్చింది. ఆవిడ పక్కన కూర్చుని, "ఊరుకో, కళ్ళు మండుతున్నాయేమో, కడుక్కోపో" అన్నారు.

మెకానిక్ లోపలంతా కడిగి, ఆరబెట్టి, ఏసీ వేశాడు. మేమందరం ముక్కులు పైకెత్తి నిలబడ్డాం. ఎవరికీ తుమ్ము రాలేదు. అతను వెళ్ళేటప్పుడు మా అత్తగారు తన మంచం కింద పాత చీరలో చుట్టి దాచిన జాడీ బయటికి లాగి, ఒక సీసాలో పచ్చడి పెట్టిచ్చారు. "మామ్మగారూ, దీన్ని మాత్రం ఏసీ గదిలో మూత తియ్యనండీ" అని దణ్ణం పెట్టి వెళ్ళాడు.

ఆయనకి ఉప్పూ నూనె బంద్ కాబట్టి ఆ జాడీ జోలికి ఎవరూ పోలేదు. వానలు వెళ్ళాయి, దసరా వెళ్ళింది. ఒకసారి పరీక్షలయ్యాక డాక్టరుగారు, "నెలకో రెణ్ణెల్లకో నాలిక్కి రాసుకోండి, అంతే" అన్నారు. ఆ పూట మా అత్తగారు గోరంత ముక్క ఆయన కంచంలో వేశారు. ఆయన వేడన్నంలో కలిపి మొదటి ముద్ద పెట్టుకున్నారు. ఘాటు నషాళానికంటి పెద్దగా తుమ్మారు. నా కళ్ళు దిండు కోసం వెతికాయి. అది ఎక్కడో లోపల గదిలో ఉంది. ఆయన చెయ్యి మాత్రం రెండో ముద్ద కలుపుతోంది.

ఎప్పుడూ వినబడే మాట వినబడలేదు. చూస్తే, మా అత్తగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకునే చూస్తున్నారు. దాంతో నేనే అనేశాను, "చిరంజీవ!" అని.

ఆవిడ చెంగు తీసి, "మొగుణ్ణి పట్టుకుని చిరంజీవ అంటావేమిటే, బుద్ధి లేకపోతే సరి!" అని నన్ను కసిరి, నేను చూడటం లేదనుకుని ఆయన కంచంలో ఇంకో ముక్క వేశారు.